దంపతులుగా రెండు రోజులు నెల్లూరులో

(సీతారామపురంలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఏటా ఈ వేదిక మీద డీఏ గురించి, బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటున్నాం. మాట్లాడుకోవలసిందే. అయితే ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఎప్పుడూ లెక్కలేనా, ఏదైనా తేలికైన విషయం చెప్పండి" అన్నారు. అలా హక్కుగా వచ్చిన డబ్బులో ఏడాదికి ఒక అయిదారు వేలు ఆలుమగలిద్దరూ కలిసి తమ కోసం ఎట్లా ఖర్చు పెట్టుకోవచ్చో చెబుదామని లేచాను. ఇది తేలికైన విషయమో, బరువైన విషయమో చివరికి మీరే చెప్పండి.

మా మనవరాలు చెప్పగా విన్నాను. విదేశాల్లో భార్యాభర్తలు వారాంతంలో బయల్దేరి, ఏదో ఒక పట్నానికి పోయి, అక్కడి గుళ్ళూ గోపురాలూ మ్యూజియాలూ చూసి, ఆ ఊరి తిండి తిని, రెండు రాత్రులు ఉండి తిరిగొస్తారట. దానికి సిటీ బ్రేక్ అని పేరట. "మీరూ, అవ్వా ఎప్పుడైనా పోయారా తాతయ్యా?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి, "పోయినాంలే, ఒకసారి" అంది. ఆ "ఒకసారి" అన్న మాట వెనక కథ ఉంది. ముందు అది చెప్పాలి.

నేను 1973లో ఉదయగిరి తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. బల్ల మారింది గానీ ఫైళ్ళు మారలేదు. 2008లో సీనియర్ అసిస్టెంటుగా 58 ఏళ్ళకు రిటైరయ్యాను. ఈ 35 ఏళ్ళలో నెల్లూరుకు ఎన్నిసార్లు పోయానో నాకే లెక్క లేదు. జమాబందీకి, కలెక్టరాఫీసుకు, ట్రెజరీకి, కోర్టుకు, చేతిలో ఫైళ్ళ కట్టతో పోవడం, పనయితే రాత్రి బస్సుకు తిరిగిరావడం, మర్నాడు టీఏ బిల్లు రాసుకోవడం. మా ఆవిడా పోయింది నెల్లూరు. రెండు కాన్పులకు, మా అమ్మకు జబ్బు చేసినప్పుడు, తన కళ్ళ ఆపరేషనుకు. రిటైరైన కొత్తలో ఒకనాడు ఆమె అన్న మాట ఇది. "మీరు పొయ్యింది ఆఫీసుకు, నేను పొయ్యింది ఆసుపత్రికి. ఇద్దరం నెల్లూరు చూళ్ళా. నాకు నెల్లూరంటే ఫినాయిలు వాసనే."

ఆ మాట తగిలి, 2009లో ప్రయాణం కట్టాను. మన గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? తెల్లకాగితం తీసి టూర్ ప్రోగ్రాం వేశాను. ఒకే రోజులో జొన్నవాడ, నరసింహకొండ, రంగనాయకులపేట, మూలాపేట, దర్గా, మైపాడు సముద్రం. ఒక్కొక్క దానికి ఎన్ని నిమిషాలో పక్కన రాశాను. తెల్లవారుజామున బస్సెక్కి, జొన్నవాడ కామాక్షమ్మను చూసి, కొండ ఎక్కి దిగి, రంగనాథస్వామి గుడికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. తలుపులు మూసి ఉన్నాయి. సాయంత్రం గానీ తెరవరు. గుళ్ళు మధ్యాహ్నం మూస్తారని తెలియని వాడినా నేను? కాగితం మీద నిమిషాలు రాసేటప్పుడు అది గుర్తు రాలేదు.

అంతవరకైతే పొరపాటు. ఆ తర్వాత చేసింది తప్పు. గుడి తెరిచేదాకా ఖాళీయే కదా అని, మా ఆవిణ్ణి సంచితో సహా గుడి ముందు మెట్ల మీద కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా" అని ఆటో ఎక్కాను. నా జీతం ఫిక్సేషను కాగితం ఒకటి ఒక ఆఫీసులో ఆగి ఉంది. దాన్ని చూసుకుందామని పోయాను. ఆ సెక్షను, ఈ సెక్షను తిరిగి, పాత మిత్రులతో టీ తాగి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. ఆమె అక్కడే, నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చుని ఉంది. చిన్నప్పుడు వాళ్ళ నాయన భుజాన ఎక్కి ఆ గుడి అద్దాల మండపం చూసిందట. మళ్ళీ చూడాలని వచ్చింది. ఆ ఎండలో తలనొప్పి వచ్చి, చూడకుండానే, "ఇంక బస్టాండుకు పోదాం" అంది. దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఎక్కడికైనా పోదామని నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనూ కదిలించలేదు. పద్నాలుగేళ్ళు గడిచిపోయాయి.

మధ్యలో 2021 వచ్చింది. మనలో ఎవరెవరు ఎవరిని పోగొట్టుకున్నారో ఈ హాల్లో అందరికీ తెలుసు. నాతో ఒకే బల్ల దగ్గర పనిచేసిన మిత్రుడొకరు తన డైరీలో ఊళ్ళ పేర్లు రాసి పెట్టుకునేవారు. డీఏ బకాయి చేతికొస్తే ఇక్కడికి, అమ్మాయి పెళ్ళయితే అక్కడికి, ఇల్లు పూర్తయితే ఇంకోచోటికి అని. ఆ ఏడు ఆయన భార్య పోయింది. పెద్దకర్మ నాడు ఆ డైరీ నా చేతిలో పెట్టి, "బకాయి వచ్చిందయ్యా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. నేను ఇంటికొచ్చి మా ఆవిణ్ణి, "మళ్ళీ ఒకసారి నెల్లూరు పోదామా? ఈసారి నువ్వు చెప్పినట్టే" అని అడిగాను. ఆమె వెంటనే అవునన్లేదు. రెండేళ్ళకు, 2023 సంక్రాంతి వెళ్ళాక, తనే, "పోదామంటిరే" అంది.

ఈసారి కాగితం నేను తీయలేదు. ఏం చూడాలో నువ్వే చెప్పమన్నాను. మూడే చెప్పింది. రంగనాథస్వామి గుళ్ళో పొద్దు పోయేదాకా కూర్చోవాలి. తను వండని చేపల పులుసు తినాలి. పెన్నలో నిండా నీళ్ళు చూడాలి. ఇంతకేనా రెండు రోజులు, గది అద్దె దండగ కాదూ అనిపించింది. నోరు మూసుకున్నాను. అదే మంచిదయింది. అప్పటి నుంచి ఏటా పోతున్నాం. ఆ అనుభవం మీద నాకు తెలిసినవి కొన్ని చెబుతాను.

మొదటిది కాలం. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలే ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలూ తుపాన్లూ ఉంటాయి. ఎండాకాలం నెల్లూరు మనవంటి వాళ్ళ వల్ల కాదు. సంక్రాంతి తర్వాత ఫిబ్రవరి దాకా హాయి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. ఉద్యోగపు రొట్టె, ఆరోగ్యపు రొట్టె, పెళ్ళి రొట్టె అని కోరికను బట్టి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరిన వాళ్ళు మరుసటేడు రొట్టె తెచ్చి ఇస్తారు. హిందువులూ ముస్లిములూ ఒకే నీళ్ళలో నిలబడి చేసే పండుగ. జీవితంలో ఒకసారి చూడదగ్గదే, కానీ ఆ రోజుల్లో లక్షల జనం. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు మామూలు రోజుల్లో పోయి దర్గా చూసి, చెరువు గట్టున కాసేపు కూర్చుని రావడం మేలు.

రెండోది వారం. మా ఇంట్లో శనివారం నీచు ముట్టం. చాలామంది ఇళ్ళల్లో అంతే కదా. అందుకని శనివారం స్వామి, ఆదివారం చేప అని పెట్టుకున్నాం. శనివారం పొద్దున్నే ఇక్కడ బస్సెక్కి, ఉదయగిరి, ఆత్మకూరు, సంగం మీదుగా మధ్యాహ్నం లోపల నెల్లూరు చేరడం. రెండు రాత్రులుండి సోమవారం పొద్దున తిరుగుబస్సు. ఆదివారం రాత్రే తిరిగొద్దామనుకుంటే రెండో రోజంతా మనసు బస్సు మీదే ఉంటుంది.

మూడోది ఛార్జీలు. ఆర్టీసీలో 60 దాటిన వాళ్ళకు నాలుగోవంతు రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టే లేదు. ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్టు ఇస్తారు. మొన్న మా ఆవిడ ఆ సున్నా టిక్కెట్టు చూపించి, "ఇన్నాళ్ళూ నన్ను మీరు తీసకపోయినారు, ఇప్పుడు నా వెంట మీరొస్తున్నారు" అంది. రైళ్ళలో వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఎత్తేశారు. మళ్ళీ ఇవ్వమని మనం అడగాల్సిన వాటిలో అదీ ఒకటి.

నాలుగోది బస. ముందుగా ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగండి. కింది అంతస్తులో గది ఉందా, లేదా లిఫ్టు పనిచేస్తోందా? కుర్చీలాంటి మరుగుదొడ్డి ఉందా? వేణ్ణీళ్ళు ఎన్ని గంటల దాకా వస్తాయి? ఆధార్ ఇద్దరివీ దగ్గర ఉంచుకోండి. బీపీ, షుగరు మాత్రలు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. డాక్టరు చీటీ నకలు ఒకటి జేబులో పెట్టుకోండి. మధ్యాహ్నం భోంచేసి రెండు గంటలు పడుకోండి. గుళ్ళూ ఆ వేళకు మూసే ఉంటాయి. మనం నిద్రపోతే ఎవరికీ నష్టం లేదు.

అయిదోది అన్నిటికంటే ముఖ్యమైనది. పూటకు ఒక్కటే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. దానికి మించి పెట్టుకోవద్దు.

మేము మొదటి సాయంత్రం రంగనాయకులపేట పోయాం. తల్పగిరి రంగనాథుడు పెన్న ఒడ్డున పవళించి ఉన్నాడు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన సోమయాజి ఈ ఊరివాడే. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసింది ఈ పెన్న ఒడ్డునే అని చెప్పుకుంటారు. ఆఫీసులో ఒక మెమోకు జవాబు రాయడానికి వారం తీసుకునేవాళ్ళం మనం. మంత్రి ఉద్యోగం చేస్తూ పదిహేను పర్వాలు రాసినాయన తిరిగిన నేల అని తలచుకుంటే ఒళ్ళు జలదరించింది.

గుళ్ళోకి పోయే ముందు మా ఆవిడ మెట్ల దగ్గర ఆగింది. నా వైపు చూసి, "ఇక్కడే గదా" అంది. అంతే. నేను చెప్పులు విప్పి, సంచి నా ఒళ్ళో పెట్టుకుని ఆ మెట్టు మీద కూర్చున్నాను. ఆమె పక్కన కూర్చుంది. అద్దాల మండపం చూడ్డానికి ఇంకా తొందరేం లేదు అంది. ఇద్దరం అరగంట కూర్చున్నాం. 35 ఏళ్ళ సర్వీసులో ఎన్నో సంజాయిషీలు రాశాను, రాయించాను. మాట లేకుండా ఇచ్చిన సంజాయిషీ అదొక్కటే. దాన్ని ఆమోదించారనే అనుకుంటున్నాను. తర్వాత లోపలికి పోయి అద్దాల మండపం చూశాం. "చిన్నప్పుడు ఇంకా పెద్దదిగా ఉండింది" అంది నవ్వుతూ.

ఆ రాత్రి కారం దోసె తిన్నాం. ఎర్రటి కారం ముద్ద పూసి, పప్పుల పొడి చల్లి కాల్చే దోసె. మిరపకారానికి భయపడితే కారం తగ్గించమని ముందే చెప్పండి, చేసిస్తారు. పొద్దున పులిబొంగరాలు, పొంగలి. మన మెట్టసీమలో జొన్న సంగటి, సజ్జ రొట్టె ఎట్లాగో, వరి పండే ఆ డెల్టాలో ఈ పిండివంటలు అట్లాగ. మా నాయన తరంలో నెల్లూరు మొలగొలుకుల బియ్యమంటే పెళ్ళిళ్ళకు దాచుకునే సరుకు.

ఆదివారం పొద్దున పల్లిపాడు పోయాం. 1921లో గాంధీజీ వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అక్కడే పెన్న ఒడ్డున ఉంది. దానికి భూమి ఇచ్చింది పొణకా కనకమ్మ గారు. నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిందీ ఆమే. మా ఆవిడ అయిదో తరగతితో చదువు ఆపిన మనిషి. ఆశ్రమంలో చాలాసేపు మౌనంగా ఉండి, "వందేళ్ళ కిందట ఒక ఆడమనిషి ఇదంతా చేసిందా" అని రెండుసార్లు అడిగింది. ఓపిక ఉన్నవాళ్ళు అక్కడి నుంచి మైపాడు సముద్రానికి పోవచ్చు. మాకు ఓపిక ఉన్నా పోలేదు. పూటకు ఒక్కటే కదా.

మధ్యాహ్నం చేపల పులుసు. పెద్ద హోటలు వద్దని, ఇంటి భోజనంలా పెట్టే చిన్నచోట కూర్చున్నాం. చింతపండు పులుసులో మామిడికాయ ముక్కలు వేసి, సన్నని మంట మీద ఉడికించి, ఒక పూట నిలవ ఉంచితే పులుపూ కారమూ ముక్కకు పడతాయి. నెల్లూరు పులుసు రుచంతా ఆ నిలవలో ఉంది. బొమ్మిడాయిలు దొరికితే వదలొద్దు. వడ్డించే అమ్మాయి వచ్చి, "అవ్వా, ఇంకొంచెం అన్నం పెట్టమంటారా?" అని అడిగింది. మా ఆవిడ ఒక్క క్షణం తలెత్తి చూసింది. గదికి వచ్చాక అంది. "నేను కూచుంటే ఎవురన్నా వడ్డించి, ఇంకా కావాల్నా అని అడిగి ఎన్నేళ్ళయిందో." అయ్యా, నాకు పెళ్ళయి అప్పటికి 48 ఏళ్ళు. ఆ 48 ఏళ్ళలో ఆమె తిన్నదా లేదా అని నేనెన్నడూ అడగలేదని అప్పుడు తెలిసింది. ఈ ప్రయాణంలో గుళ్ళకంటే పెద్ద దర్శనం నాకు అదే.

సాయంత్రం మూలాపేట. మూలస్థానేశ్వరుడి గుడి ఉన్న పేట అది. వేణుగోపాలస్వామి గుడీ అక్కడే. 1946లో ఆ గుళ్ళోకి హరిజనులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేసి సాధించారు. 1952లో మద్రాసులో ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణం ఇవ్వడం అందరికీ తెలుసు. అంతకు ఆరేళ్ళ ముందు నెల్లూరులో చేసిన ఈ దీక్ష కొద్దిమందికే తెలుసు. మన జిల్లాకు 2008 నుంచి ఆయన పేరు ఉంది. ఆ పేరుతో వేల అర్జీలు చూసిన వాళ్ళం, ఆ గుడి ముందు ఒక నిమిషం నిలబడడం మన బాధ్యత.

దీపాలు పెట్టకముందే ఆటోలో పెన్న బ్యారేజీ మీదికి పోయాం. 2022 సెప్టెంబరులో సంగం దగ్గరా, నెల్లూరు దగ్గరా కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. మేము చూసిన నాడు నీళ్ళు నిండుగా ఉన్నాయి. కరువు ప్రాంతం వాళ్ళం, నీళ్ళు కనబడితే మాటలు రావు. తిరిగొస్తూ మలై కాజాలు కొన్నాం. నాకు షుగరు, ఆమెకు షుగరు. ఒకటి తీసుకుని సగం సగం తిన్నాం. మిగతావి పిల్లలకు.

రెండు రాత్రుల గది, ఆటోలు, భోజనాలు, కాజాలు, నా టిక్కెట్టు అన్నీ కలిపి మొన్నటి ప్రయాణానికి అయిదువేల ఆరువందలు అయింది. టీఏ బిల్లు మాత్రం ఎవరికీ పెట్టలేం.

రెండు రాత్రులు కుదరదనే వాళ్ళు మొదట ఒక్క పూట ఉదయగిరి పోయి రండి. రోజూ చూసే దుర్గమేగదా అనకండి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీద ముట్టడి వేసి 1514లో ఆ కోట పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, దానికోసం గుడి కట్టించాడు. హంపీ చూసొచ్చిన మన పిల్లలకు ఆ కృష్ణుడు మన పక్క ఊరివాడని తెలియదు. కొండ ఎక్కలేకపోతే కింద నుంచే చూసి, ఉదయగిరి కర్ర గరిటెలు రెండు కొని, అక్కడే బిర్యానీ తిని రండి. భౌగోళిక గుర్తింపు పొందిన గరిటెలు అవి. ఎక్కడెక్కడి వాళ్ళో కొంటారు, మనిళ్ళల్లో మాత్రం స్టీలు గరిటెలే.

చివరగా ఒక మాట. ఈ సభలో ఫ్యామిలీ పెన్షను తీసుకునే అమ్మలున్నారు, భార్య పోయిన సోదరులున్నారు. జంటలకు చెప్పే మాటలు విని వారి మనసు నొచ్చుకుంటే క్షమించమని కోరుతున్నాను. మీరు చెల్లెలితోనో, వదినతోనో, పాత స్నేహితుడితోనో పోండి. నా మిత్రుడి డైరీలో మొదటి పేరు నెల్లూరే. కిందటేడు మాతో పాటు ఆయన్నీ తీసుకుపోయాం. గుళ్ళో మా ముగ్గురి మధ్య ఒక చోటు ఖాళీగా వదిలి కూర్చున్నారు. మేమేమీ అడగలేదు.

జంటగా ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. బకాయి వచ్చాక పోదామనకండి. ఈ రాత్రి ఇంటికి పోయి, ఆమె భోజనానికి కూర్చున్నాక మీరు వడ్డించి, ఎక్కడికి పోవాలని ఉందో అడగండి. ఆమె మూడు చెబితే నాలుగోది మీరు చేర్చకండి.